మేనమామల నడక

మొన్న మాఘమాసంలో రాజమండ్రిలో ఒక రిసెప్షన్. ముందురాత్రి జరిగిన పెళ్లిని తెల్లారేసరికి ఆరు నిమిషాలకు కూర్చి, సాయంత్రం హాల్లో ఎల్ఈడీ వాల్ మీద వేశాను. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకొస్తున్నారు. కెమెరా వాళ్లతోపాటే మెల్లగా పక్కకు జరుగుతోంది. ముందు వరసలో ఉన్న అమ్మమ్మగారు నన్ను పిలిచి, “ఏం నాయనా, మా అబ్బాయిలు తడబడుతున్నారేం? రాత్రి చక్కగానే నడిచారే!” అన్నారు.

ఆవిడ కన్ను సరిగ్గానే పట్టింది. తప్పు నా లాప్‌టాప్ సెట్టింగ్‌లో ఉంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ల కింద మినుకులు పడకుండా షట్టర్ 1/50 పెట్టి, సెకనుకు 25 ఫ్రేములు తీయడం ఇక్కడి వీడియోగ్రాఫర్లకు అలవాటు. 1982లో రంగుల్లోకి వచ్చిన దూరదర్శన్ పాల్ పద్ధతి కూడా 25 ఫ్రేములదే. లాప్‌టాప్ మాత్రం మనం మార్చకపోతే మామూలుగా సెకనుకు 60 సార్లు బొమ్మ పంపుతుంది. 60ని 25తో భాగిస్తే 2.4. ఫ్రేమును ముక్కలు చేసి చూపడం కుదరదు గనక ఒకటి రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు తెరమీద నిలుస్తుంది. కూర్చుని మాట్లాడే మనిషిలో ఆ తేడా తెలీదు. నెమ్మదిగా పక్కకు సాగే షాట్‌లో అడుగడుగునా కుదుపే.

వాల్ దగ్గరి కుర్రాణ్ణి అడిగాను, “తమ్ముడూ, మీ ప్రాసెసర్ 50 తీసుకుంటుందా?”

“తీసుకుంటుందన్నా. అందరూ 60లోనే ఇస్తారు, మేం ముట్టుకోం.”

50కి మార్చాను. ఇప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండేసి సార్లు.

అప్పుడు కనిపించింది రెండో తప్పు. పెళ్లికూతురి ముఖం కోలగా సాగినట్టుంది. క్యాబినెట్లు లెక్కపెట్టాను: అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఐదు. 3.91 పిచ్ ప్యానెళ్లు, అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 3.91 మిల్లీమీటర్లు. అర మీటరు క్యాబినెట్‌లో ఒక్కో వైపు 128 చుక్కలు. గోడ మొత్తం 1024 బై 640. మా 1920 బై 1080 బొమ్మను దాని నాలుగు మూలలకూ లాగి అతికించారు. వెడల్పు పదో వంతు నొక్కుకుపోయింది. 1024 బై 576కి సరిచేసి, పైనా కిందా 32 వరసల చొప్పున నలుపు వదిలేశాం. ఆ పట్టీలు చూసి పెళ్లివారు ఏమంటారోనని కుర్రాడు జంకాడు. అమ్మాయి ముఖం అమ్మాయి ముఖంలా ఉంటే ఎవరూ ఏమీ అనరని చెప్పాను. ఎవరూ అనలేదు.

ఏ తెర లెక్క దానిదే. బళ్లలో ఇంకా పనిచేస్తున్న పాత ప్రొజెక్టర్లు చాలావాటికి ఉన్నవి 1024 బై 768 చుక్కలే. అంతకు మించి పంపితే లోపల కుదించుకుంటాయి, పటంలో ఊళ్ల పేర్లు అలికినట్టవుతాయి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టున్న పాత లాప్‌టాప్‌ను 4కే టీవీకి తగిలిస్తే 4కే బొమ్మ సెకనుకు 30 దగ్గర ఆగిపోతుంది. ఫొటోలకు అది చాలు. క్రికెట్ చూడాలంటే 1080కి దిగి 50లోనో 60లోనో పంపడం మేలు. సినిమాలు 24 ఫ్రేములవి. 60లో రెండు, మూడుగా కుంటుతాయి, 120 ఉన్న టీవీలో ఐదేసి సార్లు సమంగా పడతాయి.

పెద్ద అంకె పెడితే మంచి బొమ్మ వస్తుందని చాలాకాలం నమ్మాను. ఇప్పుడు హాలుకు గంట ముందే వెళ్తున్నాను. క్యాబినెట్లు లెక్కపెట్టి, తెరమీద ఒక గుండ్రటి బొమ్మ, పక్కకు సాగే ఒక నిలువు గీత వేసి చూస్తాను. గుండ్రం గుండ్రంగానే ఉండాలి. గీత ఎక్కడా ఆగకుండా ఆ చివరికి చేరాలి. గంపలో పెళ్లికూతురు ఆ దారిన ఒక్కసారే వస్తుంది. మోసినవాళ్లు జాగ్రత్తగానే మోశారు. ఆ జాగ్రత్తను తెర దాకా చేర్చడం మా పని.