వడికే చెయ్యి, నేర్పే నోరు

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు విశాఖపట్నం నించి వచ్చేడు. వచ్చినవాడు అరిసెలు తిని, భోగిమంట వేసి, హాయిగా పడుకుంటే నాకే బాధా లేకపోను. అర్ధరాత్రి దాటేక సెల్‌ఫోను గోడకి ఆనించి పెట్టుకుని, ఎక్కడో విదేశాల్లో జరిగే ఫుట్‌బాల్ చూస్తాడు. వాడికి జతగా మావారు. ఆ రాత్రి ఒంటిగంటన్నరకి హాల్లోంచి కేకలు వినిపిస్తే, దొంగలేమోనని చీపురు పుచ్చుకుని వెళ్లేను. దొంగలూ లేరు, దొరలూ లేరు. మామా అల్లుళ్లు పోట్లాడుకుంటున్నారు.

"అంతటి మొనగాడు మావయ్యా! ఆయనకి ఒకరు చెప్పేదేముంటుంది? ఆయనే పదిమందికి చెప్పాలి గానీ" అంటాడు వాడు.

"ఆడ్డం వేరు, ఆడించడం వేరురా అబ్బాయ్" అంటారు ఈయన.

ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది ఒక్కటే. బంతిని చేత్తో ముట్టుకోకూడదు. దానికీ ఒకడికి మినహాయింపు ఉందిట. కానీ వాళ్ల తగువు మాత్రం నాకు బాగానే అర్థమైంది. కాఫీ కలిపి ఇచ్చి, నేనూ చతికిలబడి సంగతంతా చెప్పమన్నాను.

ఇటలీలో పిర్లో అని ఒక గొప్ప ఆటగాడు. ఆటనించి విరమించేక, 2020 జూలై నెలాఖర్న యువెంటస్ అనే పెద్ద క్లబ్బు వాళ్లు ఆయన్ని తమ కుర్రాళ్ల జట్టుకి కోచ్‌గా వేసేరు. పదిరోజులైనా తిరక్కుండానే అసలు జట్టే చేతిలో పెట్టేరు. అప్పటికి ఆయన ఏ జట్టునీ ఒక్క మ్యాచి కూడా ఆడించలేదు! ఆ క్లబ్బు వరసగా తొమ్మిదేళ్లు లీగ్ గెలుచుకుంటూ వస్తోంది. ఆ ఏడు నాలుగో స్థానంలో ఆగింది. రెండు కప్పులు తెచ్చినా సరే, 2021 మే నెలలో ఆయన్ని ఇంటికి పంపించేశారు. గేరీ నెవిల్ అనే ఆయన ఇంగ్లండులో పేరుమోసిన డిఫెండరుట. 2015 డిసెంబర్లో స్పెయిన్లో వలెన్సియా క్లబ్బు అప్పజెప్పితే, నాలుగు నెలలు నిండకుండానే ఉద్వాసన చెప్పేరు.

వింటూంటే నాకు నవ్వు రాలేదు. మా అత్తగారు జ్ఞాపకం వచ్చేరు.

మాది పొందూరు. సన్న ఖద్దరుకి మా ఊరు పెట్టింది పేరని మీకు తెలిసే ఉంటుంది. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తి దువ్వి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. మా అత్తగారు వడికితే వంద నంబరు నూలు. కంటికి ఆనేది కాదు, వేలికి తెలిసేది. ఆవిడ అరుగు మీద రాట్నం వేసుకుంటే, బజారుకి పోయేవాళ్లు నిలబడి చూసి మరీ పోయేవారు. నేను కాపరానికి వచ్చిన కొత్తలో, వీధిలో వాళ్లంతా కూడబలుక్కుని తమ ఆడపిల్లల్ని ఆవిడ దగ్గరికి పంపించేరు. ఆవిడకంటే బాగా ఎవరు నేర్పగలరు? నిజమే కదండీ!

ఆవిడ నేర్పిన తీరు ఇదీ. "ఇదిగో, ఇలా లాగాలి. చూసేవా? ఇలా." పిల్లలు కళ్లింత చేసుకుని చూసేవారు. తమ చేతికి వచ్చేసరికి నూలు పుటుక్కున తెగేది. "ఏటి, ఎందుకు తెగిపోతంది మామ్మా?" అని ఒక పిల్ల అడిగింది. మా అత్తగారు ఆలోచించి ఆలోచించి, "నాకెప్పుడూ తెగదే!" అన్నారు. అది గొప్పకి అన్న మాట కాదు. పాపం, ఆవిడకి నిజంగానే తెలీదు. విసుగొచ్చి పిల్ల చేతిలోంచి ఏకు లాక్కుని తనే వడికేసేవారు. పదిహేను రోజులకి అరుగు ఖాళీ అయింది.

ఆ పిల్లలంతా చేరింది ఎక్కడికీ? వెనకవీధి పిన్నిగారింటికి. ఆవిడ నూలు అంతంతమాత్రం. నేర్చుకునే రోజుల్లో నానా తిప్పలూ పడిందిట. అందుకే నూలు ఎన్ని రకాలుగా తెగుతుందో ఆవిడకి కరతలామలకం. "ఏకు గట్టిగా చుట్టేవమ్మా", "దువ్వినప్పుడు నలుసు ఉండిపోయింది", "చెయ్యి పరిగెడుతోంది, రాట్నం వెనకబడింది." పక్కన కూర్చుని, తెగిన చోట పట్టుకుని చెప్పేది. నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

మన హైదరాబాదు కథా ఇంతేనండి. సయ్యద్ అబ్దుల్ రహీం గారని బడిపంతులు. క్లబ్బుల్లో ఆడేరు గానీ దేశానికి ఆడిన స్టార్ కాదు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుని చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెల్చుకుంది. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో మన దేశానికి స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన చలవే. జకార్తాకి జట్టుని తీసుకెళ్లేనాటికి ఒంట్లో కేన్సరు. మర్నాటి ఏడే పోయారు. 2024లో 'మైదాన్' అని అజయ్ దేవగణ్‌తో సినిమా తీసేదాకా మా మేనల్లుడికే ఆయన పేరు తెలీదుట!

అంతదాకా ఎందుకూ, మాకు దగ్గర్లోనే ఆమదాలవలస. అక్కడి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెల్చిన మొదటి భారతీయ మహిళ. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలరుగా ఆవిణ్ణి వేస్తే, మా ఇంటి పిల్లకే వచ్చినట్టు మురిసిపోయాం. కానీ ఆ పిల్లకి మొదట బరువెత్తడం నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారి పేరు, ఇది చదువుతున్న మీలో ఎంతమందికి తెలుసు? చెయ్యి చూస్తాం, నేర్పిన నోరు మరిచిపోతాం.

అలాగని గొప్పగా ఆడినవాళ్లు నేర్పలేరంటే అదీ అన్యాయమే. హైదరాబాదు నయీముద్దీన్ గారు 1970 ఆసియా క్రీడల్లో మన జట్టుకి కెప్టెన్. ఆ పైన పెద్ద కోచ్ అయి, ఆటకి అర్జున అవార్డు, నేర్పినందుకు ద్రోణాచార్య, రెండూ అందుకున్నారు. మన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి. ఆయనేం పెద్ద కుర్చీలో కూర్చుని మొదలెట్టలేదు, చిన్నపిల్లలకి రాకెట్ పట్టించడంతో మొదలెట్టారు. సైనా, సింధు ఆ మీదట వచ్చిన పంట. ఫ్రాన్సు జిదాన్ కూడా మేడ్రిడ్‌లో ముందు ఒకరికి సహాయకుడిగా ఉండి, తరవాత కుర్రాళ్ల జట్టుని చూసి, అప్పుడుగానీ 2016లో పెద్ద జట్టు జోలికి రాలేదుట. వచ్చేక వరసగా మూడేళ్లు యూరప్ కప్పు!

ఇక్కడ మా మేనల్లుడు ఎగిరి గంతేసేడు. "మరి డాల్‌గ్లిష్ సంగతో అత్తా? 1985లో లివర్‌పూల్ వాళ్లు ఆటగాడిగా ఉండగానే మేనేజర్ని చేసేసేరు. మొదటి ఏడే లీగూ, కప్పూ రెండూ కొట్టేడు!"

"పక్కన ఎవరున్నార్రా?" అన్నాను.

వాడు కాసేపు తల గోక్కుని, "పాత మేనేజరు పెయిస్లీ సలహాదారుగా ఉన్నాడు. పాత కోచ్‌లు కూడా ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు" అన్నాడు.

అదీ సంగతి! ఇంట్లో పెద్దదిక్కు ఉంటే కొత్తకోడలి మొదటి పులుసైనా కుదురుతుంది. పొయ్యి, ఉప్పుడబ్బా ఎక్కడున్నాయో కూడా చెప్పకుండా వందమంది బంతికి వండమంటే, పుట్టింట్లో ఎంత పేరున్న పిల్లైనా మాడబెట్టదూ?

కాబట్టి నేను తప్పుపట్టేది ఆ ఆటగాళ్లని కాదు. క్లబ్బు యజమానుల్ని. పెద్ద పేరు తెచ్చి కూర్చోబెడితే జనం నాలుగు రోజులు చప్పట్లు కొడతారు, నోరెత్తరు. ఓడిపోతే ఆ పేరు మీదకే తోసెయ్యొచ్చు. ఎటుతిరిగీ తమకి నష్టం లేదు. ఈలోగా పదేళ్లుగా చిన్న ఊళ్లలో పిల్లల్ని తీర్చిదిద్దుతున్న రహీం గారిలాంటి పంతుళ్లు గుమ్మం బయటే ఉండిపోతారు. మోసపోయేది ఇద్దరూను.

ఈ ముక్క అంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, మా ఇంట్లో ఆ యజమానుల పని చేసినవాళ్లలో నేనూ ఒకర్తిని. అరుగు ఖాళీ అయిననాడు కొత్తకోడల్ని, లోపల్లోపల సంతోషించేను. నన్ను అస్తమానం వంక పెట్టే మనిషికి తగిన శాస్తి అయిందనుకున్నాను. ఒకరోజు వెనకవీధి పిన్నిగారు నాతో, "మీ అత్తగారు వడుకుతూంటే పక్కన కూర్చుని చూస్తానమ్మా. ఆవిడ వేళ్లు చేసేది నేను మాటల్లో పెట్టి పిల్లలకి చెబుతాను. ఓసారి అడిగి చూడు" అంది. నేను అడగలేదు. ఆవిడ ఒప్పుకోరులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అడిగితే ఏమనేవారో నాకీనాటికీ తెలీదు. రెండేళ్లకి ఆవిడ చూపు ఆనక రాట్నం అటకెక్కించేసేరు. ఆ పైన మనిషే వెళ్లిపోయేరు.

ఇప్పుడు ఎదురింటి పిల్ల సెలవురోజుల్లో నా దగ్గరికి వచ్చి వడుకుతోంది. నూలు తెగితే ఎందుకు తెగిందో చెప్పగలను. ఎంతో కొంత వడికిస్తాను కూడా. కానీ మొన్నొకనాడు ఆ పిల్ల పెట్టెలో దాచిన మా అత్తగారి నూలు చిలప చేతిలోకి తీసుకుని, "ఇంత సన్నం ఎలా వస్తుందండీ?" అని అడిగింది.

"అది అడగవలసిన రోజుల్లో నేను అడగలేదమ్మా" అన్నాను.