ఒకే కప్పు, రెండు చల్లదనాలు

మే నెల మధ్యాహ్నం సముద్రం మీద గాలి ఆగిందంటే మా ఊరు బారువలో కొబ్బరాకు కదలదు. ఫ్యాను తిప్పేది వేడిగాలినే. అలాంటప్పుడు మా పాత పెంకుటింట్లో చేసే పని ఒక్కటే. చాప కూడా వేయకుండా ఉత్త గచ్చు మీద, లావుపాటి మట్టి గోడ వైపు ఒత్తిగిలి పడుకుంటాం. గాలి చల్లబడదు, అయినా ఒళ్లు చల్లబడుతుంది. మన ఒంటి వేడిని గచ్చు, గోడ నెమ్మదిగా లాగేసుకుంటాయి.

ఇదే సూత్రంతో వేలమంది పనిచేసే ఐటీ క్యాంపస్‌లో ఒక భవనం కట్టారు. హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ కట్టిన ఆ భవనం 2011 నుంచి వాడుకలో ఉంది. దాని వైశాల్యం సుమారు రెండున్నర లక్షల చదరపు అడుగులు. నేను చదివిన ఇంజనీరింగ్ పనుల్లో ఇంత ముచ్చటైనది మరొకటి లేదు.

ఐటీ ఆఫీసుకు పొగగొట్టం ఉండదు కాబట్టి అది శుభ్రమైన వ్యాపారమని అనుకుంటాం. కానీ కంప్యూటరు వాడుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి కూడా సుమారు వంద వాట్ల వేడి ఇస్తాడు. ఎండ వేడి దీనికి అదనం. ఇదంతా తోడి బయట పోయడానికి మళ్లీ కరెంటు కావాలి. ఒకే పనికి రెండుసార్లు బిల్లు కట్టడమన్నమాట.

అందుకే పోచారంలో ముందు వేడిని గుమ్మం బయటే ఆపారు. వేడిని అడ్డుకునే గోడలు కట్టారు, కిటికీలకు నీడ ఏర్పాటు చేశారు, లైట్లు వేయకుండానే పగటి వెలుతురు లోపలి బల్లల దాకా వచ్చేలా చూశారు. కుండకు చిల్లు పూడ్చాకే నీళ్లు పోయాలని మన అమ్మలకు తెలుసు. పెద్ద భవనాలు కట్టేవాళ్లు చాలామంది ఈ మాట మరిచిపోయి, చిల్లుకు సరిపడా పెద్ద యంత్రం కొంటారు.

అసలు నేర్పు కప్పులో ఉంది. సెంట్రల్ ఏసీలో చల్లగాలిని పెద్ద పెద్ద డక్టుల్లోంచి గది గదికీ తోలతారు. ఇక్కడ కాంక్రీటు శ్లాబులోనే సన్నని పైపులు పరిచి, వాటిలో చల్లని నీళ్లు తిప్పారు. శ్లాబు చల్లబడి, కింద కూర్చున్నవాళ్ల వేడిని మా మట్టి గోడలాగే లాక్కుంటుంది. ఒక బిందెడు నీళ్లు మోసే వేడిని మోయాలంటే మూడువేల బిందెలకు మించిన గాలి కావాలి. అంత గాలిని తోసే ఫ్యాన్ల కంటే నీళ్లు తిప్పే చిన్న పంపుకు ఎంత తక్కువ కరెంటు పడుతుందో ఊహించుకోవచ్చు. పైగా మామూలు ఏసీకి నీటిని ఆరేడు డిగ్రీలకు దించాలి. శ్లాబుకు పద్నాలుగు, పదిహేను డిగ్రీలు చాలు. నీటిని చల్లబరిచే చిల్లరు యంత్రానికి శ్రమ తగ్గుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. చల్లని నీళ్లు పోసిన చెంబుకు బయట చెమ్మ పట్టడం మనకు తెలిసిందే. కప్పుకు అలా చెమ్మ పడితే బొట్లు కంప్యూటర్ల మీద పడతాయి. అందుకని ఊపిరికి కావలసినంత బయటి గాలినే తెచ్చి, దాని తేమ తీసి లోపలికి వదులుతారు. చల్లబరచడం నీటి వంతు, ఊపిరి గాలి వంతు. మా బారువ లాంటి ఉప్పుగాలి ఊళ్లో ఇదే భవనం కట్టాలంటే ఆ తేమ తీసే ఏర్పాటు ఇంకా గట్టిగా ఉండాలి.

ఇంతవరకు చేసినా మంచి భవనమే అయ్యేది. నాకు దీనిమీద గౌరవం పెరిగింది తర్వాతి సంగతి తెలిశాక. భవనాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలు చేశారు. ఒక సగానికి శ్లాబు చల్లదనం పెట్టారు, రెండో సగానికి మామూలు పద్ధతి ఏసీ పెట్టారు. ఆ ఏసీని కూడా నాసిరకంగా వదిలేయకుండా, ఎంత బాగా చేయగలరో అంత బాగా చేశారు. గోడలు, కిటికీలు రెండువైపులా ఒక్కలాంటివే. మీటర్లు వేరువేరు. పోటీలో ఎదుటివాడికి కూడా పదునైన కత్తే ఇచ్చారు.

ఇంజనీర్లు గురుప్రకాశ్ శాస్త్రి, పీటర్ రమ్సీ ఆ మీటర్ల లెక్కలను 2014లో ఏసీ ఇంజనీర్ల పత్రిక ఆష్రే జర్నల్‌లో ప్రచురించారు. శ్లాబు వైపు సగం చల్లదనానికి 34 శాతం తక్కువ కరెంటు వాడింది. కట్టడానికైన ఖర్చు మాత్రం రెండింటికీ దాదాపు సమానం. పర్యావరణం కోసం డబ్బు ధారపోయాలన్న సాకుకు అక్కడితో కాలం చెల్లింది. 2020లో ఇన్ఫోసిస్ తాము కార్బన్ న్యూట్రల్ అయ్యామని ప్రకటించింది. దాని వెనక ఇలాంటి ఓపికైన కొలతలు ఉన్నాయి.

ఆ 34 శాతం నాకు ఉత్త అంకెలా కనిపించదు. పోచారం భవనం లేస్తున్న రోజుల్లోనే, 2010 జూలై 14న, మా బారువ దగ్గరి సోంపేటలో, బీల అని పిలిచే చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి. రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. బీల మిగిలింది. నగరంలో ప్రతి కరెంటు మీటరు తిరిగినప్పుడల్లా ఎక్కడో ఒక ఊరి నేలను, నీటిని అడుగుతుందని మాకు అప్పుడే అర్థమైంది. కరెంటు ఎక్కడినుంచి తేవాలని అందరూ అడుగుతారు. ఎంత కరెంటు అక్కర్లేకుండా చేయొచ్చని ఆ ఇంజనీర్లు అడిగారు, కట్టి చూశారు, కొలిచి చెప్పారు.

మా ఉద్దానం ప్రాంతపు పిల్లలు ఎందరో ఇవాళ హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. వాళ్లలో ఎవరైనా ఆ కప్పు కింద పనిచేస్తుంటే ఒక్కసారి తలెత్తి చూడమని అడుగుతాను. పైన బోసి కాంక్రీటు తప్ప ఇంకేమీ కనపడదు. పండగకు ఇంటికొచ్చినప్పుడు బీల గట్టు మీద నిలబడి చూస్తే, ఆ కాంక్రీటు విలువ తెలుస్తుంది.