హెడ్‌మాస్టర్ల శిక్షణలో మన పిల్లలెక్కడ?

జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం 2014లో ప్రధానోపాధ్యాయుల శిక్షణకు ఒక పాఠ్యప్రణాళిక చట్రం తెచ్చింది. స్వీయ వికాసం, బోధన, జట్టు నిర్మాణం, నూతన ప్రయోగాలు, భాగస్వామ్యాలు అంటూ విభాగాలు పెట్టింది. హెడ్‌మాస్టరంటే రిజిస్టర్లు చూసే గుమాస్తా కాదని చెప్పింది. అంతవరకు మేలే. కానీ ఆ విభాగాల పేర్లలో సామాజిక న్యాయం కనబడదు. అది అన్నింట్లోనూ కలిసే ఉందంటారు. అందరి పని ఎవరి పనీ కాదని మనకు తెలుసు.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ షెడ్యూల్డు ప్రాంతాలు కావు. ఇక్కడ మన పిల్లలు తరగతికి ఒకరిద్దరుగా చెదిరి ఉంటారు. హెడ్‌మాస్టరు చూపే వాళ్లకు అండ. దివిసీమలో చేపలకు, పీతలకు కాలువల వెంట పోయే యానాది కుటుంబంతో పిల్లాడూ పోతాడు. రిజిస్టరులో గైర్హాజరు పడుతుంది. వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ తిప్పి పంపొద్దని, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని, వలస పిల్లల ప్రవేశం స్థానిక సంస్థ చూడాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. జట్టు నిర్మాణం నేర్చిన హెడ్‌మాస్టరుకు ఇవి తెలియకపోతే ఆ శిక్షణ ఎవరి కోసం?

ఎరుకలవారిపై నేరస్థ తెగల చట్టం వేసిన ముద్ర 1952లో కాగితం మీద పోయింది. తరగతిలో పెన్ను పోతే ముందు ఎవరి సంచి వెతుకుతారు? ఈ ప్రశ్న కూడా శిక్షణలో పాఠం కావాలి.

2020 జాతీయ విద్యావిధానం ప్రధానోపాధ్యాయులకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. అందులో ఒక పూటైనా మన పేటల్లో జరగాలి. మన తల్లిదండ్రులు మాట్లాడాలి, హెడ్‌మాస్టర్లు వినాలి. మళ్లీ బడికొచ్చిన పిల్లల లెక్కే ఆ శిక్షణకు మార్కులు.