ముందుమాటలో ఒక షరతు

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో 'సీ' కోర్సు చదివినవాళ్లకి కెర్నిగన్, రిచీల పుస్తకం పేరు తెలిసే ఉంటుంది. చదివినవాళ్లు మాత్రం తక్కువే. నేనూ అప్పుడు చదవలేదు. సిలబస్ కాగితం చివర, రిఫరెన్స్ పుస్తకాల కింద ఆ పేరు ఉండేది. పరీక్షకి సీనియర్ల నోట్సు, ల్యాబ్‌కి సీనియర్ల రికార్డు ఉండగా దాని జోలికి ఎవరు వెళ్తారు? పదిహేనేళ్ల తర్వాత మొన్నీమధ్య తీరిగ్గా చదివాను. సంతోషం వేసింది, కాస్త సిగ్గూ వేసింది. ఆ రెండిటి గురించీ చెప్తాను.

పుస్తకం 1978లో వచ్చింది. సీ భాషని తయారుచేసిన డెనిస్ రిచీ, బెల్ ల్యాబ్స్‌లో ఆయనతో పాటే పనిచేసిన బ్రయన్ కెర్నిగన్ కలిసి రాశారు. 1988లో రెండో కూర్పు వచ్చింది. అదీ మూడువందల పేజీలు లేదు. మొదటి ప్రోగ్రామ్ అందరికీ తెలిసిందే, తెర మీద 'హలో వరల్డ్' అని చూపించేది. నన్ను ఆపింది దాని వెనకాలే వచ్చే మొదటి అభ్యాసం. ప్రోగ్రామ్‌ని ముందు నడపమంటారు. తర్వాత అందులోంచి ఒక్కో ముక్కా తీసేసి, మెషీన్ ఏ తప్పులు చూపిస్తుందో గమనించమంటారు. నడిచే ప్రోగ్రామ్ చేతికిచ్చి, వెంటనే దాన్ని చెడగొట్టమంటున్నారన్నమాట!

మాకు జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. టర్బో సీ నీలం తెర ముందు కూర్చునేసరికే రికార్డు రాసి ఉండాలి. ఎయిమ్, అల్గారిథమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్. ఎడమ పేజీలో పెన్సిల్‌తో, స్కేలు పెట్టి గీసిన ఫ్లోచార్టు. అవుట్‌పుట్ కూడా పెన్నుతోనే రాసేవాళ్లం, ప్రోగ్రామ్ నడవకముందే. తప్పు అనేది రికార్డులో ఉండకూడని వస్తువు. అలాంటప్పుడు దాన్నుంచి నేర్చుకునేదేముంది?

ఈ పుస్తకం తన తప్పుల్ని దాచుకోదు. రెండో ఉదాహరణ ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్‌కి మార్చే పట్టిక. మొదట పూర్ణాంకాలతో రాస్తారు. ఆ లెక్కలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి 37 వస్తుంది. నిజానికి రావాల్సింది 37.8 దగ్గర. మనిషి ఒంటికి ఇది చిన్న తేడా కాదు, ఒకటి మామూలు వేడి, రెండోది జ్వరం. ఈ లెక్క సరైనది కాదని రచయితలే ఒప్పుకుని, దశాంశాలతో మళ్లీ రాస్తారు. రాసినదాన్ని పాఠకుడి ఎదురుగానే దిద్దుకునే పాఠ్యపుస్తకాలు నేను ఎక్కువ చూడలేదు.

అయినా నాకో ఫిర్యాదు ఉంది. ఇది ప్రోగ్రామింగ్ మొదటిసారి నేర్చుకునేవాళ్ల కోసం రాసింది కాదని ముందుమాటలోనే చెప్పేశారు. వేరియబుల్, లూప్, ఫంక్షన్ లాంటివి కొంత తెలిసి ఉండాలట. కొత్తవాళ్లూ చదువుకోవచ్చు కానీ, బాగా తెలిసిన సహోద్యోగి ఒకరు అందుబాటులో ఉంటే మేలట. మర్యాదగా పెట్టిన షరతు అది. బెల్ ల్యాబ్స్‌లో అలాంటి మనిషి పక్క గదిలోనే ఉండి ఉంటాడు. మరి మా హాస్టల్లో?

ఆ షరతు బరువు ఐదో అధ్యాయంలో తెలుస్తుంది. అక్షరాల వరుసని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే ఫంక్షన్ని ముందు మామూలుగా రాసి, కుదించి కుదించి చివరికి ఒక్క వరుసలోకి తెస్తారు. పద్యం అలవాటున్నవాళ్లకి ఆ కుదింపులోని ఆనందం తెలుస్తుంది. పాయింటర్ అంటే ఏంటో ఇంకా అంతుపట్టనివాడికి మాత్రం అది గోడే.

నా రూమ్మేట్ ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఒక రాత్రి అడిగాడు: "మామా, స్కాన్‌ఎఫ్‌లో ఈ ఆంపర్సాండ్ ఎందుకురా? ప్రింట్‌ఎఫ్‌లో లేదు కదా?" మంచి ప్రశ్న. జవాబు ఇదే పుస్తకంలో ఉంది. సీలో ఫంక్షన్‌కి ఇచ్చేది వేరియబుల్‌లోని విలువకి నకలు మాత్రమే. చూపించడానికి నకలు చాలు. బయటినుంచి వచ్చిన విలువని లోపల పెట్టాలంటే మాత్రం ఆ వేరియబుల్ ఎక్కడుందో చిరునామా కావాలి. ఆ గుర్తు చిరునామా కోసం. మొత్తం కోర్సులో సగం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. నేనేమన్నాను? "పెట్టాలంతే రా, పెట్టకపోతే రాదు" అన్నాను. అని, నా రికార్డు ఇచ్చాను కాపీ కొట్టుకోమని. నాకూ తెలియదన్న మాట మాత్రం ఒప్పుకోలేదు.

వాడు ప్రోగ్రాములు బట్టీ పట్టాడు. పరీక్షలో కాస్త మార్చి అడిగారు. ఆ సబ్జెక్టు ఫైనలియర్ దాకా వాడితోనే ఉండిపోయింది. ముందుమాటలోని ఆ తెలిసిన మనిషి మా గదిలో ఉండాల్సింది. నేను కాగలిగేవాణ్ణి, ఆ రాత్రి ఇద్దరం కలిసి ఆ గుర్తు తీసేసి ఏమవుతుందో చూసి ఉంటే.

కాబట్టి ఈ పుస్తకాన్ని చదవమనే చెప్తాను, ఒంటరిగా మాత్రం వద్దు. మొదటి అభ్యాసం వదలకండి. మొన్న వాడికి ఫోన్ చేసి ఆంపర్సాండ్ సంగతి చెప్పాను. నవ్వాడు. "ఇప్పుడెందుకురా నాకు?" అన్నాడు. కాసేపాగి, "మా అక్క కొడుకు ఈ ఏడే బీటెక్‌లో చేరాడు, వాడికి చెప్దువుగానీ" అని నంబరు పంపాడు.