కాదనేవాడు లేని మేనేజర్

1993 మే 1న నాటింగ్‌హామ్‌లోని సిటీ గ్రౌండ్‌లో షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫుట్‌బాల్ జట్టు 0-2తో ఓడిపోయింది. దాంతో ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి దిగిపోవడం ఖాయమైంది. అలాంటి సాయంత్రం ఇంకే ఊళ్లోనైనా అభిమానులు మేనేజర్‌ని పేరుపెట్టి తిట్టిపోస్తారు. ఇక్కడ మాత్రం స్టాండ్లన్నీ అతని పేరును పాటకట్టి పాడాయి. ఆకుపచ్చ స్వెట్‌షర్టు వేసుకున్న 58 ఏళ్ల బ్రయన్ క్లఫ్, కందగడ్డలా ఎర్రబడ్డ మొహంతో, అందరికీ చేతులూపుకుంటూ వెళ్లాడు.

జట్టును పైకెత్తింది అతనే. ముంచిందీ అతనే. ఆ ఊరు మొదటిదాన్నే గుర్తుపెట్టుకుంది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ కోచింగ్ అనే పని మీద ఆసక్తి ఉన్నవాళ్లకి రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఆ రోజుల్లో మేనేజర్ అంటే ఒక్క కోచింగే కాదు. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, శనివారం ఎవరు ఆడాలి, ఎవరు బెంచీ మీద కూర్చోవాలి, అన్నీ అతని చేతిలోనే. ఆ కుర్చీలోకి క్లఫ్ 30 ఏళ్లకే వచ్చాడు. అంతకుముందు గోల్స్ కొట్టడంలో అతనిది అందెవేసిన చేయి: లీగ్‌లో 274 మ్యాచ్‌లకి 251 గోల్స్. 1962 డిసెంబర్ 26న సండర్‌లాండ్ తరఫున ఆడుతుండగా మోకాలు బాగా దెబ్బతింది. 1965లో హార్టిల్‌పూల్స్ అనే బీద క్లబ్బులో మేనేజర్‌గా చేరాడు. వస్తూ వస్తూ మిడిల్స్‌బ్రోలో తనతో కలిసి ఆడిన గోల్‌కీపర్ పీటర్ టేలర్‌ని వెంట తెచ్చుకున్నాడు. ఈ కథంతా టేలర్ చుట్టూ తిరుగుతుంది.

ఇద్దరూ కలిసి 1972లో డెర్బీ కౌంటీని దేశ చాంపియన్‌ని చేశారు. 1974లో క్లఫ్ ఒంటరిగా లీడ్స్ యునైటెడ్‌కి వెళ్లాడు. టేలర్ రానన్నాడు. అక్కడ క్లఫ్ ఉద్యోగం 44 రోజులకే ఊడింది. 1975 జనవరిలో రెండో డివిజన్‌లో ఉన్న ఫారెస్ట్‌కి మళ్లీ ఒంటరిగానే వచ్చాడు. ఆ సీజన్‌లో 16వ స్థానం, తర్వాతి సీజన్‌లో 8వ స్థానం. 1976 వేసవిలో టేలర్ వచ్చి చేరాడు. 1977లో జట్టు పై డివిజన్‌కి ఎక్కింది, 1978లో దేశ చాంపియన్ అయింది, 1979లోనూ 1980లోనూ యూరోపియన్ కప్ గెలిచింది. దేశంలో లీగ్ టైటిల్ ఒక్కటే, యూరప్ కప్పులు మాత్రం రెండు. ఇలాంటి లెక్క ఉన్న క్లబ్బు యూరప్ మొత్తంలో ఇంకోటి లేదు. 1977 నవంబర్ నుంచి 1978 డిసెంబర్ దాకా లీగ్‌లో వరుసగా 42 మ్యాచ్‌లు ఓడకుండా ఆడిన రికార్డు 2004లో ఆర్సెనల్ వచ్చేదాకా చెక్కుచెదరలేదు.

ఏం నేర్పేవాడు అంటే చెప్పడం కష్టం. బోర్డు మీద బాణాలు గీసి వ్యూహాలు చెప్పే అలవాటు పెద్దగా లేదు. బంతిని నేల మీదే ఉంచండి, మనవాడి కాళ్లకి అందించండి, మీ పని మీరు చేయండి, రిఫరీతో వాదించకండి. దాదాపు అంతే. మిగతాదంతా మనిషిని చదవడం. 1979 మార్చిలో లీగ్ కప్ ఫైనల్ ముందురాత్రి హోటల్లో ఆటగాళ్లందరినీ కూర్చోబెట్టి షాంపేన్, బీరు తెప్పించాడు. రేపు మ్యాచ్, పడుకుంటానని ఆర్చీ గెమ్మిల్ లేవబోతే లేవనివ్వలేదు. మర్నాడు సౌతాంప్టన్ ముందు గోల్ కొట్టింది. అయినా ఫారెస్ట్ 3-2తో గెలిచింది. ఏ కోచింగ్ పుస్తకంలోనూ ఈ పాఠం ఉండదు. ఆ జట్టుకి ఆ రాత్రి కావాల్సింది నిద్ర కాదు, భయం పోవడం. దాన్ని అతను పసిగట్టాడు.

టేలర్ పని వేరు. సరుకు ఎక్కడుందో కనిపెట్టడం అతని వంతు. బర్మింగ్‌హామ్‌లో ఆడే కెన్నీ బర్న్స్ తాగుతాడని, జూదమాడతాడని పేరు పడితే, నిజమెంతో చూద్దామని టేలర్ మారువేషంలో గ్రేహౌండ్ పందేల దగ్గరికి వెళ్లి మాటేశాడు. పర్వాలేదనిపించింది. లక్షా 50 వేల పౌండ్లకి కొన్నారు, ఫార్వర్డ్‌గా ఆడుతున్నవాణ్ని వెనక డిఫెన్స్‌లో నిలబెట్టారు. 1978లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రచయితలు ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎన్నుకున్నది అతన్నే. జాన్ రాబర్ట్‌సన్ ఒళ్లు పెంచుకుని, సిగరెట్లు కాలుస్తూ, ఫారెస్ట్ రిజర్వుల్లో పడి ఉన్నవాడు. అతన్ని నిలబెట్టి కడిగేసింది టేలరే. 1979 ఫైనల్లో మాల్మో మీద ట్రెవర్ ఫ్రాన్సిస్ తల ఆనించిన క్రాస్ రాబర్ట్‌సన్ వేసిందే, 1980లో హాంబర్గ్ మీద పడిన ఒకే ఒక్క గోల్ కూడా అతనిదే.

టేలర్ చేసిన ఇంకో పని రికార్డుల్లో కనపడదు. క్లఫ్‌కి మొహం మీద ‘నువ్వు చెప్పేది తప్పు’ అనగలిగినవాడు అతనొక్కడే.

1980లో టేలర్ తమ ఇద్దరి గురించి ఒక పుస్తకం అచ్చేశాడు, క్లఫ్‌కి చెప్పకుండా. 1982లో ఫారెస్ట్ వదిలి వెళ్లిపోయాడు, ఆ ఏడాదే డెర్బీకి మేనేజర్ అయ్యాడు. 1983లో అదే రాబర్ట్‌సన్‌ని, మళ్లీ క్లఫ్‌కి ఒక్క మాట చెప్పకుండా, డెర్బీకి తీసుకుపోయాడు. ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి. 1990 అక్టోబర్‌లో టేలర్ చనిపోయేదాకా మళ్లీ మాట్లాడుకోలేదు.

టేలర్ పోయాడు, దాంతో మంత్రం పోయింది అని ఇక్కడితో తేల్చేయడం చాలామందికి అలవాటు. అది సగం నిజమే. టేలర్ కన్ను కూడా చివరి ఏళ్లలో తప్పింది. 1980, 81ల్లో పదేసి లక్షల పౌండ్లు, ఆపైన పోసి తెచ్చిన ఇయాన్ వాలెస్, జస్టిన్ ఫషాను ఆ సొమ్ముకి తగ్గట్టు ఆడలేదు. ఇటు క్లఫ్ ఒంటరిగా పదేళ్లు నెట్టుకొచ్చాడు, బాగానే నెట్టాడు. 1984, 88, 89ల్లో లీగ్‌లో మూడో స్థానం. 1989, 90ల్లో లీగ్ కప్పు. 1984లో యూఈఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో ఓడారుగానీ, ఆ మ్యాచ్ రిఫరీకి ప్రత్యర్థి ఆండర్‌లెక్ట్ క్లబ్బు అధినేత డబ్బు ముట్టజెప్పిన సంగతి 1997లో బయటపడింది.

ఆటగాణ్ని పట్టే కన్ను క్లఫ్‌కీ ఉంది. 1990లో ఐర్లండ్‌లోని కోబ్ రాంబ్లర్స్ నుంచి 47 వేల పౌండ్లకి రాయ్ కీన్ అనే కుర్రాణ్ని తెచ్చాడు. ఆగస్టు చివర్లో లివర్‌పూల్‌తో మ్యాచ్. 19 ఏళ్ల కీన్, ఏదో సామాన్లు సర్దడానికి తీసుకొచ్చారనుకుని డ్రెస్సింగ్ రూమ్‌లో చొక్కాలు సర్దుతున్నాడు. ఆ ఏడో నంబర్ చొక్కా ఒకసారి వేసుకుని చూడు అన్నాడు క్లఫ్. వేసుకున్నాడు. నువ్వు ఆడుతున్నావు అన్నాడు. అలా నేరుగా ఆన్‌ఫీల్డ్ మైదానంలో దిగాడు కీన్.

కొద్ది నెలలకే అదే కీన్ క్రిస్టల్ ప్యాలెస్‌తో కప్ మ్యాచ్‌లో ఒక బ్యాక్‌పాస్ తప్పుగా ఇచ్చి గోల్‌కి కారణమయ్యాడు. డ్రెస్సింగ్ రూమ్‌లోకి రాగానే క్లఫ్ అతని మొహం మీద గుద్దాడు. ఆ మాట కీనే తర్వాత ఆత్మకథలో చెప్పాడు. అయినా తను చూసినవాళ్లలో క్లఫ్‌ని మించిన మేనేజర్ లేడంటాడు. ఇలాంటి భక్తి చుట్టూ ఉన్నప్పుడు గుద్దిన చేతిని పట్టుకుని ఆపేదెవరు? 1989లో మైదానంలోకి దూకిన అభిమానుల్ని కెమెరాల ముందే కొట్టాడు. జరిమానా పడింది, దెబ్బలు తిన్నవాళ్లు వచ్చి అతనికే క్షమాపణ చెప్పుకున్నారు!

1991 మే 18న వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్. క్లఫ్ జీవితమంతా అందుకోలేకపోయిన పెద్ద కప్పు ఇది. టాటెన్‌హామ్‌తో 90 నిమిషాలకి స్కోరు 1-1. అదనపు సమయానికి ముందు ఆటగాళ్లు గడ్డి మీద కూలబడ్డారు. అవతలి మేనేజర్ టెర్రీ వెనబుల్స్ తన కుర్రాళ్ల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరికీ చెబుతున్నాడు. క్లఫ్ బెంచీ మీంచి లేవలేదు. పక్కన నిలబడ్డ పోలీసుతో కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. కాసేపటికి డెస్ వాకర్ తల తగిలి బంతి సొంత గోల్లోకే పోయింది. కప్పు పోయింది.

ఆ బెంచీ సంగతిని సమర్థించేవాళ్లు ఉన్నారు. చెప్పాల్సింది వారమంతా చెప్పాను, ఇప్పుడు ఆడాల్సింది వాళ్లు అనేది అతని పాత పద్ధతే కదా అంటారు. కావచ్చు. కానీ మనిషిని చదవడమే విద్యగా బతికినవాడు, చదవాల్సిన ఆ రెండు నిమిషాల్లో పోలీసు వైపు తిరిగి కూర్చున్నాడు. పద్ధతి అదే, దాని వెనకున్న మెలకువ లేదు.

మెలకువ ఎక్కడికి పోయిందో ఊరందరికీ తెలుసు. తాగుడు. క్లఫ్ కూడా తర్వాతి రోజుల్లో ఒప్పుకున్నాడు. 2003లో కాలేయం మార్చాల్సి వచ్చింది, 2004 సెప్టెంబర్ 20న పోయాడు.

1992 వేసవిలో డెస్ వాకర్ 15 లక్షల పౌండ్లకి ఇటలీలోని సాంప్డోరియాకి వెళ్లిపోయాడు. కొత్తగా పుట్టిన ప్రీమియర్ లీగ్‌లో టీవీలో ప్రత్యక్షంగా చూపించిన తొలి మ్యాచ్ ఫారెస్ట్‌దే. లివర్‌పూల్ మీద టెడ్డీ షెరింగ్‌హామ్ గోల్‌తో 1-0తో గెలిచింది. ఆ నెల తిరక్కుండానే షెరింగ్‌హామ్‌ని టాటెన్‌హామ్‌కి అమ్మేశారు. అతను ఆ సీజన్‌లో 22 గోల్స్‌తో లీగ్ మొత్తానికే అగ్రస్థానంలో నిలిచాడు. వాటిలో ఫారెస్ట్‌కి దక్కింది ఆ ఒక్కటే. వాకర్ జాగాలో వాకర్ లాంటివాడు రాలేదు, షెరింగ్‌హామ్ జాగాలో షెరింగ్‌హామ్ లాంటివాడు రాలేదు. 42 మ్యాచ్‌ల్లో 22 ఓడి, 40 పాయింట్లతో 22 జట్లలో అట్టడుగున తేలారు.

సాకులు లేకపోలేదు. గోల్‌కీపర్ బ్యాక్‌పాస్ చేత్తో పట్టకూడదన్న నిబంధన ఆ ఏడే వచ్చింది. టీవీ డబ్బుతో పెద్ద క్లబ్బులు బలిశాయి. కెప్టెన్ స్టువర్ట్ పియర్స్ గాయంతో దాదాపు సగం సీజన్ ఆడలేదు. కానీ ఆ నిబంధన మిగతా 21 జట్లకీ ఉంది. ఆటగాళ్లలో కీన్ ఉన్నాడు, క్లఫ్ కొడుకు నైజెల్ ఉన్నాడు. ఇంత మంచి జట్టు దిగిపోదులే అని సీజన్ పొడుగునా ఇంగ్లండ్‌లో అనుకుంటూనే ఉన్నారు. బోర్డూ అదే అనుకుంది. రెండు యూరప్ కప్పులు తెచ్చినవాడికి సెలవు తీసుకోమని ఎవరు చెబుతారు? ఆ వసంతంలో ఒక డైరెక్టర్ మేనేజర్ తాగుడు గురించి పత్రికకెక్కితే, బోర్డు ఆ డైరెక్టర్‌నే సస్పెండ్ చేసింది.

టేలర్ లేని లోటు కనిపించేది ఇక్కడే. అతనుంటే షెరింగ్‌హామ్‌ని అమ్మనిచ్చేవాడా అన్నది చెప్పలేం. అమ్మే ముందు క్లఫ్‌తో గొంతు చించుకుని పోట్లాడేవాడని మాత్రం చెప్పొచ్చు. ఆ గదిలో పోట్లాడే హక్కున్నవాడు 1982 తర్వాత ఇంకొకడు రాలేదు. రానివ్వంది క్లఫ్, అడగంది బోర్డు.

తర్వాతి మేనేజర్‌గా ఫ్రాంక్ క్లార్క్ వచ్చాడు. 1979లో యూరప్ కప్పు గెలిచిన క్లఫ్ జట్టులో లెఫ్ట్ బ్యాక్ అతనే. కీన్‌ని 37 లక్షల 50 వేల పౌండ్లకి మాంచెస్టర్ యునైటెడ్‌కి, నైజెల్‌ని లివర్‌పూల్‌కి అమ్మారు. ఆ డబ్బుతో క్లార్క్ సౌతెండ్ నుంచి స్టాన్ కోలీమోర్ అనే ఫార్వర్డ్‌ని తెచ్చాడు. పియర్స్, స్టీవ్ స్టోన్, గోల్‌కీపర్ మార్క్ క్రాస్‌లీ లాంటి క్లఫ్ నాటి ఆటగాళ్లనే చుట్టూ నిలబెట్టాడు. 1994లో ఫారెస్ట్ తిరిగి ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చింది. 1995లో ఆ లీగ్‌లో మూడో స్థానంలో నిలిచింది.