ఎదుటి వరుసలోని తెలుగు

తెలుగు ద్వారా ఇంగ్లీషు నేర్పే పుస్తకాలను మనం ఇంగ్లీషు వైపు నుంచే తూకం వేస్తాం. ఎదుటి వరుసలోని తెలుగును ఎవరూ పట్టించుకోరు. జమ వరుస కూడి ఖర్చు వరుస వదిలేస్తే లెక్క తేలదని బ్యాంకు ఉద్యోగిగా నాకు తెలుసు.

బ్రౌన్ దొర 'వాక్యావళి' 1852లో మన మద్రాసులోనే అచ్చయింది. ఇంగ్లీషు, తెలుగు నుడికారాల అభ్యాసాలని దాని ఉపశీర్షిక. నుడికారానికి నుడికారమే సరిజోడు మరి.

నేను చూసిన ఇప్పటి గైడ్లలో ఆ జాగ్రత్త తక్కువ. 'హ్యావ్' కనిపిస్తే చాలు, 'కలిగి ఉన్నాను' అనేస్తారు. 'నేను ఇద్దరు అక్కలను కలిగి ఉన్నాను', 'నేను జలుబును కలిగి ఉన్నాను'! ఏ తెలుగువాడైనా ఇలా అంటాడా? నాకు ఇద్దరక్కలున్నారు, నా దగ్గర పది రూపాయలున్నాయి, నాకు జలుబు చేసింది అంటాం. వాళ్ళ క్రియ ఒక్కటి, మన దారులు మూడు. ఈ తేడా విడమరిచి చెబితే ఇంగ్లీషూ బాగా వంటబడుతుంది.

ఆంధ్రలో పిల్లవాడు ఆ వాక్యాలు చదివి నవ్వుకుంటాడు. వాడికి వీధిలో, బడిలో తెలుగుంది. మా రాయపురంలో వీధి తమిళం. 2006 చట్టంతో బడిలోనూ తమిళం అంచెలంచెలుగా తప్పనిసరయింది. ఇక్కడి పిల్లవాడి చేతికందే తెలుగు అచ్చు ఒక్కోసారి ఆ గైడు ఒక్కటే. అందులో ఉన్నదే తెలుగనుకుంటాడు.

కొనేముందు కొట్లోనే పది తెలుగు వాక్యాలు పైకి చదవండి. మీ అమ్మ నోట ఎన్నడూ వినని తెలుగైతే, పుస్తకం అక్కడే పెట్టేసి రండి.