అంగడి అన్న

2006లో హైదరాబాద్‌లో రిలయన్స్ ఫ్రెష్ తెరిచినప్పుడు, ఇక వీధి అంగళ్లకు నూకలు చెల్లినట్టే అన్నారు. తర్వాత కర్నూలు, కడపల్లోనూ ఏసీ మార్ట్‌లు వెలిశాయి. మా వీధి అంగడిని మాత్రం అన్న పొద్దున ఆరింటికే తెరుస్తున్నాడు.

"అన్నా, ఉగ్గానికి బొరుగులు."

"ఎంతమందికి?"

అంతే, శేరుతో కొలిచి పోస్తాడు. పొడికి పప్పులు కాగితంలో చుట్టి, పురికొస రెండు చుట్లు తిప్పి, వేలితో లాగి తెంపుతాడు. పప్పులంటే పుట్నాలనీ, కర్నూలోళ్లకు బుడ్డలంటే వేరుశనగలనీ, కందిబేడలంటే కందిపప్పనీ బిల్లు మిషన్‌కేం తెలుసు!

సబ్బులు, షాంపూల ధరలో మార్ట్‌తో అతను తూగలేడు. లారీలకొద్దీ కొనేవాడికి దొరికే రేటు అతనికెక్కడిది? అతని బలమంతా నూనె మరకల అప్పు పుస్తకంలో ఉంది. వానను నమ్ముకున్న సీమలో నెల జీతం ఎందరికి? "కాయలు అమ్మినాక ఇస్తా" అంటే రాసుకుంటాడు. వాన ఎగ్గొడితే పేజీ తిప్పి మళ్లీ రాసుకుంటాడు. ఆ అప్పుకు పూచీ ముఖపరిచయమే. మొండి బాకీలూ ఉంటాయి, వాటి గురించి పెద్దగా మాట్లాడడు.

చేతిలో డబ్బున్న రోజు కూడా అక్కడికే వెళ్లండి.